తీరని ముడుపు

యూనివర్సిటీ క్యాంపస్, లేడీస్ హాస్టల్,
హైదరాబాద్.
జూన్ 14

సుప్రజా,

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని కవరు చూడగానే నవ్వుకుని ఉంటావు. నవ్వుకో. టీవీ పోటీలో ఉన్నప్పుడు గొంతు అరిగిపోతుందని మాస్టారు మనల్ని మాట్లాడుకోనిచ్చేవారు కాదు, గుర్తుందా? పక్కపక్క మంచాల మీద కూర్చుని చీటీలు రాసుకునేవాళ్లం. ఇప్పుడు మళ్లీ అదే పరిస్థితి. నల్లకుంటలో గొంతు డాక్టరు లోపలికి లైటు వేసి చూసి అంతా శుభ్రంగా ఉందన్నాడు, అయినా కొన్నాళ్లు మాట్లాడవద్దన్నాడు. పదమూడో ఏట నా పాట పోయింది. అది నీకూ తెలుసు, రాష్ట్రం మొత్తానికీ తెలుసు. ఇప్పుడు మాట కూడా పోతోంది. పొద్దున మామూలుగా ఉంటుంది, మధ్యాహ్నానికి బొంగురు, సాయంత్రానికి గాలి. సెప్టెంబరులో నా పీహెచ్‌డీ వైవా. నలుగురు పెద్దమనుషుల ముందు కూర్చుని గంటసేపు నోటితో సమాధానం చెప్పాలి. మా గైడు భానుప్రకాశ్ గారు వేడినీళ్లు తాగమంటారు. ఎన్ని తాగినా ఏం లాభం లేదు.

మొన్న తార్నాక మెట్రో మెట్ల కింద జామకాయలు కొంటుంటే అమ్మే ఆమె ఫోన్‌లో రింగ్‌టోను మోగింది. నేనే. తొమ్మిదేళ్ల బుజ్జి భాగ్య. మా అమ్మ నాట్లేసేటప్పుడు పాడుకునే పాట, నన్ను ఫైనల్ దాకా తీసుకుపోయిన పాట. ఆమె మొదటి లైను పూర్తిగా విని అప్పుడు ఫోన్ ఎత్తింది. అది నేనే అంటే నమ్మదు. నమ్మినా, ఏదీ ఒకసారి పాడమంటుంది. చిల్లర తీసుకుని వచ్చేశాను.

అసలు సంగతి అది కాదు. పోయిన వారం క్యాంపస్‌లో తోట పక్క దారిన నడుస్తుంటే అదే గొంతు మళ్లీ వినపడింది. ఈసారి పాడుతున్నది ఈ ఉగాదికి వచ్చిన సినిమా పాట. నేను ఎన్నడూ పాడని పాట. పైస్వరానికి పోయేముందు నాకు చిన్న ఎక్కిలి లాంటిది వచ్చేది చూడు, మాస్టారు ఎంత ప్రయత్నించినా పోలేదు, అది కూడా ఉంది. చుట్టుపక్కల ఎవరి చేతిలోనూ ఫోన్ లేదు. నడుస్తున్నవాళ్లు ఎవరూ తల తిప్పి చూడలేదు.

నీకెందుకు రాస్తున్నానంటే, నా గొంతు నీకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. దాన్ని ఓడించాలని కదా అన్ని నెలలు విన్నావు.

భాగ్య


కాకినాడ.
జూన్ 24

ఒసేయ్ భాగ్యా,

నీ కవరు చూసి మా ఆయన ఆత్రేయ కంగారుపడ్డారు, ఏ కోర్టు నోటీసో అనుకుని. నన్ను ఓడించినదానివి నువ్వు కదా, ఇప్పటికీ దెప్పుతావేమే? రెండో బహుమతి వచ్చింది కాబట్టే జనం నన్ను ఆర్నెల్లలో మర్చిపోయారు. హాయిగా బ్యాంకులో కూర్చుని డిపాజిట్లు చూసుకుంటున్నాను. ఎవరూ పాడమనరు. నా అదృష్టం నీకు రాలేదని అప్పుడప్పుడు జాలిపడుతుంటాను.

నువ్వు విన్నదాంట్లో వింతేమీ లేదు. ఎవడో పనిలేనివాడు నీ పాత పాటలు కంప్యూటర్లో వేసి కొత్తవి పాడిస్తున్నాడు. కాఫీ తాగేలోపు ఆత్రేయ నా గొంతుతో మా ఇంటి కరెంటు బిల్లు చదివించారు. నేను తిట్టినట్టే ఉంది, విని మా అత్తగారు కూడా మోసపోయారు. కాబట్టి ఆ భయం పక్కన పెట్టి, మిరియాల పాలు తాగు.

ఒక్కటి మాత్రం అడుగుతాను, సూటిగా చెప్పు. మీ అమ్మగారు తార్నాక ఫ్లాటులో ఒక్కరే ఉంటున్నారు. నడిచిపోయేంత దూరం. నువ్వు హాస్టల్లో నీళ్ల సాంబారు తింటూ ఎందుకున్నావు? మీరిద్దరూ పోట్లాడుకున్నారా?

ఇంకోటి. ఉగాదినాడు నీకు ఫోన్ చేసినప్పుడు నీ వెనక ఎవరో చిన్నపిల్ల కూనిరాగం తీస్తోంది. ఎదురింటి పిల్లనుకుని ఊరుకున్నాను. ఎవరే అది?

సుప్రజ


లేడీస్ హాస్టల్, హైదరాబాద్.
జులై 9

సుప్రజా,

ఎదురింట్లో పిల్లలు లేరు. ముసలి దంపతులు ఉంటారు.

పోట్లాట ఏమీ లేదు. పోట్లాడుకోవాలంటే మాట్లాడుకోవాలి కదా. మాణికేశ్వర్ నగర్ బస్తీలో ఒక్క గదిలో ఉన్నప్పుడు అమ్మా నేనూ రోజంతా వాగుతూనే ఉండేవాళ్లం. నా కచేరీల సంపాదనతోనే తార్నాకలో ఈ ఫ్లాటు వచ్చింది. పదమూడో ఏట స్టేజీ మీద నా గొంతు చీలిపోయిన రోజున అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి ఏ మాటా అనలేదు. అన్నం పెట్టేది, ఫీజు కట్టేది. నాన్న పోయాక ఇల్లు ఇంకా చల్లబడింది.

పోయిన చలికాలంలో ఒక పొద్దున అమ్మ వంటింట్లో బియ్యంలో రాళ్లు ఏరుతూ ఏదో పాడుకుంటోంది. రెండో లైను ఇంకో గొంతు అందుకుంది. ఫోన్‌లో నా పాత పాట పెట్టుకుందనుకున్నాను. ఇంతలో అమ్మ పాట ఆపి, పోపులో జీలకర్ర ఎక్కువైందా అని అడిగింది. ఎక్కువైందని ఆ గొంతు చెప్పింది. అమ్మ పకపకా నవ్వింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. వంటింట్లో అమ్మ తప్ప ఎవరూ లేరు. పైన దేవుడి అరమర, కింద బియ్యం చేట, అంతే.

ఆ తర్వాత చాలాసార్లు విన్నాను. ఎప్పుడూ ఏమీ కనపడదు. అమ్మ రెండు కంచాలు పెడుతుంది. వాచ్‌మన్ భార్య నాతో మీ అమ్మ మనవరాలు మంచిగా పాడుతుందని చెప్పింది, నేను తలూపాను. రానురాను నేను ఇంట్లో ఉంటే అది పాడడం మానేసింది. అది పాడకపోతే అమ్మ అన్నం ముట్టదు, కిటికీ దగ్గర కూర్చుని ఉంటుంది. అందుకే బట్టలు సర్దుకుని హాస్టలుకు వచ్చేశాను.

నాకు భయం వేయలేదు సుప్రజా. నిజం చెప్తున్నాను, కుళ్లు పుట్టింది. ఆ నవ్వు నాకోసం నవ్వి ఎన్నేళ్లయిందని.

నేను వచ్చేసినా అది అక్కడే ఉండిపోలేదు. తోట దగ్గర విన్నది అందుకే నీకు రాశాను. నా వెంట వస్తోంది. అది ఎంత దగ్గరికొస్తే నా మాట అంత సన్నబడుతోంది.

భాగ్య


కాకినాడ.
జులై 20

భాగ్యా,

నీకు చెప్పకుండా మీ అమ్మగారికి ఫోన్ చేశాను. నీ ఉత్తరం చదివి, ఆవిడకేదో మతి చలించిందనీ, నీకూ అంటించిందనీ అనుకున్నాను. డాక్టరుకు చూపిద్దామని చెప్పడానికే చేశాను.

ఆవిడ మామూలుగానే మాట్లాడారు. మా ఆయన గురించి, ఉద్యోగం గురించి అడిగారు. తర్వాత, "ఉండు బిడ్డా, ఇది నీతోని మాట్లాడ్తదంట" అన్నారు.

నేను బ్యాంకు వరండాలో నిలబడి ఉన్నాను. పట్టపగలు. చుట్టూ పాసుపుస్తకాలు పట్టుకుని జనం. ఫోన్‌లో, "సుప్పీ, సారు బయటికి పోయిండు. మనం మాట్లాడుకోవచ్చు" అంది.

సుప్పీ అని నువ్వు తప్ప నన్నెవరూ పిలవలేదు, అదీ ఆ చీటీల మీదే. కంప్యూటరుకు అది ఎవరు చెప్తారు?

ఫోన్ చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను. అదే చెప్పింది. "ఆ పెద్ద భాగ్య ఇంటికొస్తే నేను మాట్లాడ. ఆమె గొంతు అయిపోవట్టింది సుప్పీ. అయిపోయినంక అంత నేనే మాట్లాడ్త." తర్వాత కొంచెం సేపు పాడింది. ఫోన్ పెట్టేశాను. ఆ పూట రెండు సార్లు లెక్క తప్పి మేనేజరు చేత తిట్లు తిన్నాను.

ఇప్పుడు ఒక సంగతి చెప్తాను. ఇన్నేళ్లూ దానికి అర్థముందని నాకే తెలియదు. ఫైనల్ రోజు పొద్దున మేకప్ గదిలో నువ్వు జడ వేయించుకుంటున్నావు. మీ అమ్మగారు మూల నిలబడి పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల పెట్టి ముడుపు కడుతున్నారు. నేనూ, మా అమ్మమ్మ పద్మావతీ పక్కనే ఉన్నాం. ఆవిడ ఏం మొక్కుకున్నారో మాకు వినపడింది. "తల్లీ ఎల్లమ్మా, నా బిడ్డ గొంతు ఎప్పటికి గిట్లనే ఉండాలె." నాకది ఎంతో ముద్దుగా అనిపించింది. మా అమ్మ అలా మొక్కుకోలేదేమని అలిగాను కూడా.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అమ్మమ్మ అంది, ఆ పిచ్చిది తప్పు మొక్కు మొక్కిందని. గెలవాలంటే గెలిచాక విప్పుతారు. జ్వరం తగ్గాలంటే తగ్గాక విప్పుతారు. ఏ మొక్కుకైనా తీరే రోజు ఒకటుండాలి. ఎప్పటికీ అని కడితే దాన్ని ఎప్పుడు విప్పుతుంది?

ఆ ముడుపు ఎక్కడుందో మీ అమ్మగారిని అడుగు.

సుప్రజ


లేడీస్ హాస్టల్, హైదరాబాద్.
ఆగస్టు 5

సుప్రజా,

అడిగాను. నోటితో కాదు, కాగితం మీద రాసి. నా మాట ఇప్పుడు పక్కన కూర్చున్నవాళ్లకు కూడా అందడం లేదు. భానుప్రకాశ్ గారు వైవా వాయిదా వేయిద్దామా అంటున్నారు. వాయిదా వేస్తే మాత్రం వస్తుందా?

అమ్మ కాగితం చదివింది. తర్వాత దేవుడి అరమర వెనక చెయ్యి పెట్టి చిన్న మట్టి గురిగి తీసింది. అందులో ఉంది ముడుపు. ఇన్నేళ్లయింది కదా, గుడ్డ వెలిసిపోవాలి. ఇవాళే పసుపులో ముంచి ఆరేసినట్టుంది. వాసన కూడా పోలేదు.

విప్పమన్నాను. చేతులు పట్టుకుని, పెదాలతో అడిగాను. అమ్మ గురిగిని ఒళ్లో పెట్టుకుంది. అప్పుడు నాతో మాట్లాడింది సుప్రజా, పన్నెండేళ్ల తర్వాత కడుపులో మాట.

"విప్పితె అది పోతది. నువ్వు పెద్దగైనవ్, సదువుకున్నవ్, ఎట్లనో బతుకుతవ్. అది ఏడికి పోతది? ఆ గల్లీల నన్నెవరన్న మనిషి లెక్క చూసిండ్రా? అది పాడినంకనే గద భాగ్య వాళ్లమ్మ అన్నరు. అది నా పాట. నా నోట్లకెల్లి పోయి దాని నోట్లె పడ్డది."

నేను కూడా నీ బిడ్డనే కదా అన్నాను. వినపడలేదు. పెదాలు చూసి అర్థం చేసుకునేదేమో కానీ అమ్మ నా మొహం వైపు చూడడం లేదు.

అమ్మ స్నానానికి పోయినప్పుడు నేనే ముడి విప్పబోయాను. మామూలు ముడే. రాలేదు. గోరు విరిగింది, పళ్లతో లాగాను. వెనక వంటింట్లో అది నవ్వింది. నాకు బాగా తెలిసిన నవ్వు. పోటీలో నువ్వు శ్రుతి తప్పినప్పుడల్లా నేను దుప్పట్లో దూరి నవ్వినట్టే నవ్వింది. అంత చెడ్డగా నవ్వేదాన్నని నాకే తెలియదు, క్షమించు.

మీ అమ్మమ్మను అడుగు. ఇలాంటి ముడుపు విప్పే దారేమైనా ఉందా?

భాగ్య


కాకినాడ.
ఆగస్టు 14

భాగ్యా,

అమ్మమ్మకు చెవులు సరిగా వినపడవు కానీ ఇది మాత్రం మొదటిసారి చెప్పగానే వింది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

ముడుపు కట్టినవాళ్లే విప్పాలి. ఇంకొకరు విప్పితే రాదు. విప్పేటప్పుడు తీరిందనో చాలనో అమ్మవారికి చెప్పాలి. పెదాలతో చెప్తే కుదరదు, మనసులో నిజంగా చాలనిపించాలి. అలా అనిపించకుండానే విప్పితే, ముడి ఊడుతుంది కానీ ఇన్నాళ్లూ ఆగినదంతా ఒక్కసారే నడుస్తుందట. నిజంగా చాలన్నదాకా ఆగదట. అదేమిటమ్మమ్మా అంటే, కట్టేసిన ఎద్దును విప్పితే ఏం చేస్తుంది అంది. అంతకు మించి చెప్పలేదు.

ఇదంతా నేను నమ్ముతున్నానా అని అడగకు. ఫోన్ మోగితే ఎత్తడం మానేశాను. అదీ నా పరిస్థితి.

మీ అమ్మగారికి ఒక మాట చెప్పు. ఆ చిన్నపిల్లంటే నాకెప్పుడూ ఇష్టం లేదు. గొంతు మంచిది, పొగరు ఎక్కువ. నాకు ఇష్టమైనది ఆ తర్వాతి భాగ్య. గొంతు పోయి, ఎవరూ పిలవక, పదో తరగతి పరీక్షలప్పుడు నాకు ఫోన్ చేసి లెక్కలు రావడం లేదని ఏడ్చిన పిల్ల. ఆ పిల్లతోనే నేను ఇన్నేళ్లూ స్నేహం చేశాను. ఆవిడ ఆ పిల్లను చూడనే లేదు. ఎంత పోగొట్టుకున్నారో చెప్పు.

సుప్రజ


తార్నాక.
ఆగస్టు 27

సుప్పీ,

ఈ పేరుతో పిలిస్తే ఉలిక్కిపడతావేమో. నేనే, పెద్దదాన్నే.

శ్రావణ శుక్రవారం మధ్యాహ్నం ఇంటికి పోయాను. వాన పడుతోంది. ఆ పొద్దున లేచేసరికి నా గొంతులో గాలి శబ్దం కూడా లేదు. తలుపు దగ్గర నిలబడి అమ్మా అని పిలిచాను. నా పెదాలు కదిలాయి. "అమ్మా" అని వంటింట్లోంచి అది పలికింది. మళ్లీ పిలిచాను. మళ్లీ అక్కడినుంచే వచ్చింది, సరిగ్గా నా పెదాలతో పాటు. అమ్మ నన్ను చూసింది, వంటింటి వైపు చూసింది. అప్పుడు భయపడింది సుప్పీ. ఇన్నాళ్లూ అది వేరే బిడ్డ అనుకుంది. నన్ను తిని పెరుగుతోందని అప్పుడే తెలిసింది.

గురిగి తెచ్చి అమ్మవారి పటం ముందు కూర్చుంది. ముడి ఒక్క వేలితో ఊడింది. తీరింది తల్లీ అంది కానీ కళ్లు వంటింటి గుమ్మం మీదే ఉన్నాయి. వెక్కి వెక్కి ఏడుస్తోంది. తీరలేదని నాకు తెలుస్తూనే ఉంది.

అది పాడడం మొదలుపెట్టింది. అమ్మ పాటే, నాట్ల పాట. మొదటి చరణం బుజ్జి భాగ్యే. రెండో చరణానికి గొంతు బరువెక్కింది, పైస్వరం దగ్గర చీలింది. పదమూడు. అమ్మ చెవులు మూసుకోబోయింది. పాట ఆగలేదు, చీలిక దాటి పోయింది. మూడో చరణానికి పదిహేడో పద్దెనిమిదో ఉంటాయి. అమ్మ చేతులు దించింది. ఆ గొంతు ఎవరూ వినలేదు కదా. ఎంత బాగుందో తెలుసా? నాకు రావలసిన గొంతు అది. అమ్మ నోరు తెరుచుకుని వింటోంది. నా వైపే చూస్తోంది, ఎన్నేళ్ల తర్వాతో.

నాలుగో చరణానికి నా వయసుకు వచ్చింది. నా గొంతులో వేడి పుట్టింది. నోరు తెరిస్తే పాట నాలోంచే వచ్చింది, అక్కడినుంచి కాదు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

అంతటితో ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. పాట నన్ను లాక్కుని ముందుకు పోయింది. ఐదో చరణం మొదలైంది. మాట మధ్యలో ఊపిరి తీసుకోవలసి వస్తోంది. తర్వాత ప్రతి మాటకూ. అమ్మ మొహం పాలిపోయింది. అరచేత్తో నా నోరు గట్టిగా మూసి, "చాలు. చాలు తల్లీ. నా బిడ్డ నాకు చాలు. ఇగ పాడొద్దు" అంది. ఈసారి కళ్లు నా మీదే ఉన్నాయి.

ఆగిపోయింది. ఇల్లంతా వాన చప్పుడే.

నా మాట నాకు వచ్చింది. గొప్పగా ఏమీ లేదు, పిండిమర శబ్దంలా ఉంది, అయినా సాయంత్రం దాకా నిలబడుతోంది. వైవా అనుకున్న రోజుకే అని చెప్పి వచ్చాను. హాస్టలు ఖాళీ చేశాను. అమ్మ రోజంతా ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది. నీ చదువు దేని గురించి అని నిన్న అడిగింది. చెప్తే అర్థం కాలేదు, మళ్లీ చెప్పమంది. చిన్నదాని గొంతు మళ్లీ వినపడలేదు.

అమ్మ చాలా సంతోషంగా ఉంది. "ఆఖరుకు ముసలిదానివైనవ్ బిడ్డా. మా అవ్వ లెక్కనే ఆయాసపడ్డవ్. నూరేండ్లు బతుకుతవ్" అని మళ్లీ మళ్లీ చెప్తోంది. అవునమ్మా అన్నాను.

నీ దగ్గర దాచలేను, నీకు చెవి ఉంది. ముసలి గొంతైతే వణకాలి. శ్రుతి కిందికి జారాలి. అది వణకలేదు. శ్రుతి ఎక్కడిదక్కడే ఉంది. నాలుగో చరణంలో నేను ఎలా పాడానో అలాగే ఉంది, ఊపిరి ఒక్కటే చాలలేదు. ఒక్కో చరణానికి ఏళ్లకేళ్లు దాటిన పాట, నా వయసు దాటాక రెండు లైన్లు కూడా పోలేదు. చెయ్యి అడ్డం పెట్టింది అమ్మే, కానీ ఆమె చెయ్యి పడేసరికే పాట అయిపోయింది. ఆపానని ఆమె అనుకుంటోంది. అనుకోనీ.

అమ్మకు చెప్పను. నువ్వూ చెప్పకు. నల్లకుంట డాక్టరు ఛాతీ పరీక్ష కూడా చేయించుకోమన్నాడు, వైవా అయ్యాక పోతాను.

నిన్ను చూసి చాలా రోజులైంది. ఒకసారి రా సుప్పీ. వచ్చే ఏడు చూద్దామనుకోకు.

భాగ్య


కాకినాడ.
సెప్టెంబరు 1

భాగ్యా,

ఉత్తరం ఇప్పుడే అందింది. ఐదో చరణం నా మనసులో పాడుకుని చూశాను, రెండో లైను దగ్గర ఆపేశాను.

రేపటి బండికి సీటు దొరికింది. ఈ ఉత్తరం కంటే నేనే ముందు వస్తాను. వైవా దాకా ఆగేది లేదు, ఆ పరీక్షకు ఎల్లుండే పోదాం, నేను పక్కన ఉంటాను. ఇంత హడావిడిగా ఎందుకొచ్చావని మీ అమ్మగారు అడిగితే, ఊరికే చూడాలనిపించిందని చెప్తాను.

సుప్పి